‘సింబల్’ అనే మాటకు ఒక్క తెలుగు మాట చాలదు

పాఠ్యపుస్తక రచయితలకు, అనువాదకులకు, పారిభాషిక పదకోశాల సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

నేను ముప్ఫై ఆరేళ్లు ఉన్నత పాఠశాలల్లో భౌతిక రసాయన శాస్త్రాలు తెలుగులో బోధించి, పదవీ విరమణ చేసినవాడిని. భాషాశాస్త్రం నా చదువు కాదు. అయినా ఒక చిన్న ఇంగ్లీషు మాట గురించి మీకు ఇంత పొడవు ఉత్తరం రాయవలసి వచ్చింది.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు ఒకడు, లెక్కో రసాయన సమీకరణమో తేలకపోతే సాయంత్రాలు నా దగ్గరికి వస్తూ ఉంటాడు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు అచ్చయిన పుస్తకాలు వాడివి. ఒకరోజు మూడు పుస్తకాలు తెచ్చి నా ముందు పరిచాడు. మూడింటిలోనూ ఇంగ్లీషు పేజీలో ‘సింబల్’ అన్న మాట కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. ఎదురు పేజీలు చూస్తే సామాన్యశాస్త్రంలో ‘సంకేతం’, గణితంలో ‘గుర్తు’, సాంఘికశాస్త్రంలో ‘చిహ్నం’ కనిపించాయి. యూనిట్ పరీక్షలో ‘సోడియం గుర్తు’ అని రాసినందుకు వాడికి అరమార్కు తగ్గించారట. “మాస్టారూ, ఈ మూడింటిలో ఏది కరెక్టు?” అని అడిగాడు. మూడూ సరైనవేనని చెప్పాను. “అలాగైతే ఇంగ్లీషులో ఒక్కటే ఎందుకుంది?” అన్నాడు. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ లేఖ ఆ జవాబును సరిచేసుకునే ప్రయత్నం. వాడికంటే ముందు మీరు చదవవలసిన జవాబు కూడా.

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు సాధారణంగా రెండు దారులు సూచిస్తారు. అన్ని శాస్త్రాల్లోనూ ‘చిహ్నం’ అనే ఒకే మాట పెట్టి గొడవ వదిలించుకోవాలని కొందరంటారు. పిల్లలకు ఎలాగూ ఇంగ్లీషు మాటే వాడుకలోకి వస్తోంది కాబట్టి ‘సింబల్’ అనే తెలుగు లిపిలో రాసేస్తే సరిపోతుందని మరికొందరంటారు. ఈ రెండు దారులూ తప్పేనని, రెండింటివల్లా మన భాషలో ఇప్పటికే ఉన్న ఒక సూక్ష్మమైన విభజన చెరిగిపోతుందని నా అభిప్రాయం. ఇంగ్లీషు మాట అనేక అర్థాలను ఒకే మూటలో కట్టుకుని తిరుగుతోంది. తెలుగు ఆ మూట విప్పి ఏ వస్తువును ఏ గూట్లో పెట్టాలో ఎప్పుడో చూసుకుంది. ఇప్పుడు మనం వాటిని మళ్లీ ఎందుకు మూటగట్టాలి?

ఆ ఇంగ్లీషు మాట పుట్టుక నుంచి మొదలుపెడతాను. దాని మూలం గ్రీకు భాషలోని ‘సింబొలాన్’. ‘సిన్’ అంటే కలిసి, ‘బాలైన్’ అంటే విసరడం, వేయడం. రెండూ కలిస్తే ఒకచోట చేర్చడం. ఒక ఒప్పందం చేసుకున్న ఇద్దరు, లేదా అతిథి, ఆతిథేయి, ఒక ఎముకనో మట్టిపలకనో రెండుగా విరిచి చెరొక ముక్క దగ్గర ఉంచుకునేవారు. ఏళ్ల తరువాత వారో, వారి బిడ్డలో కలుసుకున్నప్పుడు ఆ ముక్కలు పక్కపక్కన పెట్టి చూసేవారు. విరిగిన అంచులు అతికితే మనిషి నిజమైనవాడని తేలేది. అంటే సింబొలాన్ అనేది మొదట ఊహాలోకపు వస్తువు కాదు. చేతిలో పట్టుకోగలిగిన రుజువు. ఆ తరువాత లాటిన్ క్రైస్తవులు తమ విశ్వాస ప్రకటనకు ‘సింబొలుమ్’ అనే పేరు పెట్టారు, అది పలికినవాడు తమవాడని పోల్చుకోవచ్చు కాబట్టి. ఇక ఇంగ్లీషులోకి వచ్చాక ఆ మాట గణితంలోకీ, రసాయనంలోకీ, కవిత్వంలోకీ, ఎన్నికల్లోకీ పాకింది.

ఈ సింబొలాన్‌ను తెలుగులో ఏమంటామని ఎవరైనా అడిగితే నేను వెంటనే ‘ఆనవాలు’ అంటాను. లంకలో అశోకవనంలో ఉన్న సీతమ్మకు హనుమంతుడు చూపించిన ఉంగరం ఆనవాలు. ఆమె తిరిగి ఇచ్చి పంపిన చూడామణి ఆనవాలు. వచ్చినవాడు రాక్షసమాయ కాదని ఆ ఉంగరం చెప్పింది. వెళ్లినవాడు నిజంగా ఆమెను చూశాడని ఆ చూడామణి చెప్పింది. రెండు ముక్కలు అతికినట్టే అయింది. దుష్యంతుడు శకుంతలకిచ్చిన ఉంగరం కూడా ఇటువంటిదే, దానికి సంస్కృతంలో పేరు ‘అభిజ్ఞానం’. ఇంత దగ్గరి మాట మనకు ఉండగా, నేను చూసిన ఇంగ్లీషు తెలుగు పదపట్టికల్లో ‘సింబల్’ పక్కన ‘ఆనవాలు’ కనబడలేదు. నేటి శాస్త్రాల్లో దాని అవసరం లేకపోవచ్చు, కానీ నిఘంటువులో మొదటి అర్థంగా ఉండవలసిన మాట అదే.

ఇప్పుడు ‘గుర్తు’ దగ్గరికి వస్తాను. ఈ మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పండితులు దీన్ని పామరపు మాటగా చూసి పక్కకు నెడుతుంటారు. ‘గురుతు’, దానికి ముందు శకటరేఫతో, అంటే బండి ‘ఱ’తో, ‘గుఱుతు’ అయిన ఈ మాటకు కన్నడంలో ‘గురుతు’, తమిళంలో ‘కుఱి’ చుట్టాలు. మన ‘గురి’ కూడా ఆ కుటుంబంలోదే. ‘దాని గురించి’ అని రోజుకు వందసార్లు అంటామే, ఆ ‘గురించి’లోనూ ఈ గురే ఉంది: ఒకదాని వైపు చూపు నిలపడం. అన్నిటికంటే విశేషం, తెలుగులో ‘గుర్తు’ ఒకవైపు బయటి వస్తువు మీద ఉండే ముద్ర, మరోవైపు లోపల మనసులో ఉండే జ్ఞాపకం. గుర్తు పెట్టాను అంటే గీత గీశాను. గుర్తు పెట్టుకున్నాను అంటే మరిచిపోలేదు. గుర్తుపట్టడం, గుర్తింపు, గుర్తింపు కార్డు, అన్నీ ఈ రెండింటి మధ్య నడిచే మాటలే. ముద్ర, జ్ఞాపకం, పోల్చుకోవడం అనే మూడు పనులను ఇలా ఒకే వేరు నుంచి చేయించుకోగల సౌకర్యం ఇంగ్లీషు ‘సింబల్’కు లేదు.

ఈ మాట బలం నాకు పుస్తకంలో కాదు, పోలింగ్ కేంద్రంలో తెలిసింది. 1983 జనవరిలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోదావరి జిల్లాలోని ఒక పల్లెలో నాకు ఎన్నికల విధి పడింది. తెలుగుదేశం పార్టీ సైకిల్ గుర్తుతో మొదటిసారి పోటీ చేసిన ఎన్నిక అది. మధ్యాహ్నం వేళ ఒక ముసలమ్మ బ్యాలెట్ తీసుకుని అట్టల చాటుకు వెళ్లి, కాగితం మడవకుండానే తిరిగి వచ్చి, “ఇందులో ఎద్దుల్లేవేంటి బాబూ?” అని అడిగింది. కాంగ్రెస్ వారి జోడెద్దుల గుర్తు 1969లో ఆ పార్టీ చీలిన తరువాత పోయింది. ఒక వర్గానికి ఆవూదూడ, మరొక వర్గానికి రాట్నం వడికే స్త్రీ వచ్చాయి, 1978లో హస్తం వచ్చింది. ఇన్ని మారినా ఆమెకు గుర్తున్న గుర్తు ఎద్దులే. ఏ గుర్తు ఏ పార్టీదో చెప్పడానికి మాకు అధికారం లేదు, “ఉన్నవాటిలో చూసుకుని వెయ్యమ్మా” అని మాత్రమే ప్రిసైడింగ్ అధికారి అనగలిగారు. ఆమె లోపలికి వెళ్లి ఏం చేసిందో మాకు తెలియదు. ఆ రోజు ఆమె నోట ‘చిహ్నం’ అన్న మాట వచ్చే ప్రశ్నే లేదు.

మన ఎన్నికల్లో ఈ బొమ్మలు అలంకారం కోసం రాలేదు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మందికి కొంచెం పైన. అందుకే 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద అతని గుర్తు అంటించారు. ఓటరు తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో కాగితం వేసేవాడు. కాగితం మీదే ముద్ర వేసే పద్ధతి తరువాత వచ్చింది. 1968లో ఎన్నికల సంఘం గుర్తుల రిజర్వేషన్, కేటాయింపు ఉత్తర్వు తెచ్చి, గుర్తింపు పొందిన పార్టీలకు కేటాయించేవి వేరు, స్వతంత్రులకు ఇచ్చేవి వేరు అని విడదీసింది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీలో నిలిచారు, వారిలో ఎక్కువమంది పసుపు రైతులు. అందరికీ తలా ఒక గుర్తు వెతికి పెట్టవలసి రావడం ఎన్నికల సిబ్బందికి ఎంత పనో ఊహించుకోవచ్చు.

గుర్తు అనేది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి తెలంగాణలో జరిగిన వివాదం ఒక చక్కని పాఠం. కారు గుర్తున్న పార్టీ, రోడ్డు రోలర్ వంటి గుర్తులను స్వతంత్రులకు ఇవ్వవద్దని, అవి చూపు మందగించిన ఓటర్లకు కారులాగే కనిపిస్తున్నాయని పదేపదే ఫిర్యాదు చేసింది. ఎవరి వాదన సరైనదన్నది ఇక్కడ మన విషయం కాదు. కారు బొమ్మలో కారుదనం ఎంత ఉన్నదన్నది కాదు, పక్క బొమ్మకూ దానికీ తేడా ఎంత ఉన్నదన్నదే అక్కడ ప్రశ్న. వేరు చేసి చూపించేదే గుర్తు. కాబట్టి పోల్చుకోవడానికి, విడదీయడానికి వాడే ప్రతిదానికీ, అది ఎన్నికల బొమ్మ కానివ్వండి, పటం మీద గుడినీ బావినీ చూపే బొమ్మ కానివ్వండి, ఆహార పొట్లం మీద శాకాహారాన్ని తెలిపే ఆకుపచ్చ చుక్క కానివ్వండి, ‘గుర్తు’ అనే మాటే వాడాలని నా మనవి. ఆ పొట్లాల మీద మాంసాహారానికి గోధుమరంగు వృత్తం తీసేసి త్రిభుజం పెట్టాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెప్పాయి. రంగుల తేడా తెలియనివారు ఆకారాన్ని బట్టి గుర్తుపడతారు కదా.

రసాయనశాస్త్రం దగ్గరికి వస్తే కథ వేరు. అక్కడ ‘సంకేతం’ అన్న పాత పారిభాషిక పదం అద్భుతంగా కుదిరింది, దాన్ని ఎవరు మొదట వాడారో గానీ వారికి నమస్కారం. ఇంగ్లండు శాస్త్రవేత్త డాల్టన్ మొదట మూలకాలకు వృత్తాలు గీశాడు: ఆక్సిజన్‌కు ఖాళీ వృత్తం, హైడ్రోజన్‌కు నడుమ చుక్క ఉన్న వృత్తం, కార్బన్‌కు నల్లగా నింపిన వృత్తం. మూలకాలు పెరిగేకొద్దీ ఆ బొమ్మలు గుర్తుపెట్టుకోవడం, అచ్చువేయడం రెండూ కష్టమయ్యాయి. 1813లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్, మూలకాల లాటిన్ పేర్ల నుంచి తీసిన ఒకటి రెండు అక్షరాలు చాలునన్నాడు. డాల్టన్‌కు ఆ అక్షరాలు చివరిదాకా నచ్చలేదు, లోకానికి మాత్రం నచ్చాయి.

ప్రతి ఏటా కొత్త తరగతిలో ఎవరో ఒకరు లేచి “పొటాషియం స్పెల్లింగులో ‘కే’ లేదు కదా సార్, మరి ‘కే’ ఎందుకు?” అని అడిగేవారు. సోడియంకు ‘ఎన్ఏ’, ఇనుముకు ‘ఎఫ్ఈ’, టంగ్‌స్టన్‌కు ‘డబ్ల్యూ’ ఎందుకన్నది కూడా అదే ప్రశ్న. ‘కాలియం’, ‘నేట్రియం’, ‘ఫెర్రం’, ‘వుల్ఫ్రం’ అనే పేర్లు చెప్పి ముగించవచ్చు. నేను మాత్రం ఇక్కడ ఆగి, ఇవి పొడి అక్షరాలు కావు, సంకేతాలు అని చెప్పేవాడిని. పొడి అక్షరం పేరును కుదిస్తుంది, అంతే. సంకేతం అలా కాదు; ‘కే’ అని రాస్తే అది ఆ మూలకాన్నీ, దాని ఒక పరమాణువునూ, సందర్భాన్ని బట్టి ఒక మోల్ పరిమాణాన్నీ తెలుపుతుంది. ఇది ఏ దేశంలోనైనా ఇలాగే ఉండాలని రసాయన శాస్త్రజ్ఞులందరూ చేసుకున్న ఏర్పాటు. తెలుగు మాధ్యమంలో కూడా మనం ఆ రోమన్ అక్షరాలను మార్చకుండా ఉంచినది ఇందుకే.

‘ఏర్పాటు’ అన్నాను. సంకేతం అన్న మాటకు అసలు అర్థం అదే. ప్రియుడు ఫలానా చోటికి వస్తానని మాట ఇస్తే ఆ చోటు సంకేత స్థలం. అక్కడ ఎదురుచూసి మోసపోయిన నాయిక విప్రలబ్ధ అని మన అలంకార శాస్త్రం చదివినవారికి తెలుసు. ఈ పదం నుంచి ఈ అర్థం తెలియాలి అనే ఈశ్వర సంకేతమే పదానికి శక్తి అని తార్కికుడు అన్నంభట్టు నిర్వచించాడు. ఇద్దరు ప్రేమికులు చేసుకున్నా, ఈశ్వరుడు చేసినా, స్వీడన్ శాస్త్రవేత్త చేసినా ముందుగా కుదుర్చుకున్న ఏర్పాటే సంకేతం. వస్తువుకూ దానికీ పోలిక ఉండనవసరం లేదు. ఇంత బిగువైన పదాన్ని తీసేసి రసాయనశాస్త్రంలో ‘చిహ్నం’ పెడితే నష్టమే తప్ప లాభం లేదు.

కొలమానాల విషయంలో మాత్రం మీ పుస్తకాల్లో నిజంగానే ఒక పొరపాటు ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో కిలోగ్రామును సూచించే రెండు చిన్న రోమన్ అక్షరాలు సంకేతమే కాని సంక్షిప్త రూపం కావు. వాటి పక్కన చుక్క పెట్టకూడదు, బహువచనం చేయకూడదు. మన ‘కి.గ్రా.’, ‘కి.మీ.’ అనేవి చుక్కలతో సహా పొడి అక్షరాలు. రెండూ వాడుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. రెండింటినీ ఒకే పట్టికలో ‘సంకేతాలు’ అనే శీర్షిక కింద వేయడం మాత్రం సరికాదు. రూపాయి విషయమూ ఇంతే. ‘రూ.’ అనేది పొడి అక్షరం. 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన, ఉదయకుమార్ రూపొందించిన, దేవనాగరి ‘ర’నూ రోమన్ ‘ఆర్’నూ కలిపిన గీత వేరు. దాన్ని పత్రికలు ఒకరోజు చిహ్నమంటాయి, ఒకరోజు గుర్తంటాయి. నా ఓటు ‘గుర్తు’కే, ఎందుకంటే బజారులో అందరూ అంటున్నది ‘రూపాయి గుర్తు’ అనే.

గణితంలో నేను సిద్ధాంతం పక్కన పెట్టి వాడుకకు తలవంచుతాను. తర్కం ప్రకారం కూడిక, తీసివేతలకు వాడే గీతలు కూడా ఏర్పాటే కాబట్టి సంకేతాలే. 1557లో సమానానికి రెండు సమాంతర గీతలు వాడిన వేల్స్ దేశస్థుడు రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర రేఖలకంటే సమానమైనవి మరే రెండూ ఉండలేవని కారణం కూడా చెప్పాడు. కాబట్టి ఆ ఒక్క దానిలో కొంత పోలిక కూడా ఉన్నట్టే. ఇదంతా నిజమే అయినా, ఒకటో తరగతి నుంచి పిల్లవాడి నోట ‘కూడిక గుర్తు’ అని స్థిరపడిన మాటను తొమ్మిదో తరగతిలో మార్చవలసిన పని లేదు. వ్యాకరణంలో ‘విరామ చిహ్నాలు’, ‘ప్రశ్నార్థక చిహ్నం’ అన్నవి కూడా అలాగే స్థిరపడ్డాయి, ఉండనివ్వండి.

‘చిహ్నం’ అసలు చోటు ఇక్కడ కాదు. ఒక దేశానికో, రాష్ట్రానికో, సంస్థకో ప్రతినిధిగా నిలిచే రూపానికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. 1950 జనవరి 26న స్వీకరించిన సారనాథ్ సింహాల శిల్పం జాతీయ చిహ్నం. కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్నది తెలంగాణ అధికార చిహ్నం. పూర్ణకుంభం ఉన్నది ఆంధ్రప్రదేశ్ చిహ్నం. తోరణాన్నీ చార్మినార్‌నూ తీసేస్తారన్న వార్త 2024లో వచ్చినప్పుడు ఎంత రగడ జరిగిందో మీకు తెలుసు. ఎన్నికల గుర్తు మారితే ఓటరు తికమకపడతాడు. చిహ్నం మారితే మనుషులు నొచ్చుకుంటారు. పత్రికలవారు ‘రాజముద్ర’ అనే పాత మాటను కూడా ఈ అర్థంలో బతికించారు, చాలా సంతోషం.

దీనికే మన పూర్వులు వాడిన ఇంకొక మాట ‘లాంఛనం’. చాళుక్యులకు, కాకతీయులకు వరాహ లాంఛనం ఉండేది. వరాహం ముద్రించిన నాణెం పేరు కూడా వరాహ అయింది. ఆ లాంఛనం అనే మాట తరువాత ఏమైందో చూడండి. పెళ్లిలో ఇచ్చిపుచ్చుకునే లాంఛనాలు, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు, చివరికి ‘లాంఛనప్రాయం’. గౌరవాన్ని చూపే ముద్ర కాస్తా పేరుకు మాత్రమే చేసే పనిగా మారింది. ఇంగ్లీషులో ‘సింబాలిక్’ అన్న విశేషణం సరిగ్గా ఇదే దారిలో నడిచింది. ‘సింబాలిక్‌గా అరగంట నిరసన తెలిపారు’ అని విలేకరి రాస్తే అందులో మర్యాద కంటే ‘నిజంగా చేసింది ఏమీ లేదు’ అన్న ధ్వనే ఎక్కువ. దానికి ‘లాంఛనప్రాయంగా’ అన్నదానికంటే దగ్గరి అనువాదం ఉండదు. అదే ‘సింబాలిక్’ సినిమావారి నోట ఇంకో అర్థంలో వినబడుతుంది. నాయికా నాయకులు దగ్గరవుతున్నారనగానే రెండు పువ్వులు తలలు ఆనించుకునే ఆ ‘సింబాలిక్ షాట్’ లాంఛనప్రాయం కాదు, ధ్వని, అంటే నేరుగా చెప్పకుండా తోపించే అర్థం. అనువాదకుడు మాటను కాక వాక్యాన్ని చూడాలనడానికి ఈ ఒక్క విశేషణం చాలు.

ధ్వని అన్నాను కాబట్టి ‘ప్రతీక’ సంగతి చెప్పాలి. ప్రతీక అంటే సంస్కృతంలో ముఖం, ముందు భాగం. వ్యాఖ్యాతలు శ్లోకపు మొదటి మాటను ఎత్తి చూపితే దాన్నీ ప్రతీక అంటారు, ముందు భాగంతో మొత్తాన్ని తలపిస్తుంది కాబట్టి. వేదాంతంలో ప్రతీకోపాసన, అంటే ఒక వస్తువునో రూపాన్నో దైవంగా భావించి ఉపాసించడం, ఉంది, ‘న ప్రతీకే న హి సః’ అన్న బ్రహ్మసూత్రమూ ఉంది: ఉపాసకుడు ప్రతీకను తన ఆత్మగా భావించకూడదు, ప్రతీక తాను కాదు కనుక. 1886లో పారిస్ పత్రికలో కవి మొరెయాస్ ప్రకటనతో పేరుపడిన ఫ్రెంచి కవుల ధోరణికి మనవాళ్లు ప్రతీకవాదం అని పేరు పెట్టడం సరైన ఎంపిక. ప్రతీకలో పోలిక కొంత ఉంటుంది, అర్థం ఒకచోట ఆగదు. ‘ఎన్ఏ’ అన్న సంకేతానికి సోడియం తప్ప మరొక అర్థం ఉంటే ప్రయోగశాలలో ప్రమాదం. కవితలో దీపానికి ఒకటే అర్థం ఉంటే కవిత్వానికి ప్రమాదం.

ఇంగ్లీషు మాటలోని గందరగోళం ఎంతవరకు పోయిందో ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెబుతాను. సంకేతాల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఇద్దరు ఒకే కాలంవారు, అమెరికాలో పర్స్, స్విట్జర్లాండ్‌లో సొస్యూర్. పర్స్ సూచకాలను మూడు రకాలుగా విడదీశాడు: పోలికతో తెలిపేది, సంబంధంతో తెలిపేది, ఏర్పాటుతో తెలిపేది. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం రెండో రకం, అలా ఊహకు ఆధారమైనదాన్ని మన తార్కికులు ఎప్పుడో లింగం అన్నారు. మూడో రకానికి, అంటే పోలికా సంబంధమూ లేని శుద్ధమైన ఏర్పాటుకు, పర్స్ పెట్టిన పేరు ‘సింబల్’. సొస్యూర్ సరిగ్గా దీనికి ఎదురు మాట చెప్పాడు. సింబల్‌లో ఎప్పుడూ కొంత పోలిక మిగిలే ఉంటుందని, న్యాయానికి త్రాసు బదులు రథాన్ని పెట్టలేమని, అందువల్ల మాటకు ఆ పేరు తగదని అన్నాడు. 2024లో మన సుప్రీంకోర్టులో పెట్టిన కొత్త న్యాయదేవత విగ్రహానికి కళ్ల గంతలు తీసేశారు, కత్తి స్థానంలో రాజ్యాంగం పెట్టారు, త్రాసును మాత్రం తీయలేదు. సొస్యూర్ చెప్పింది అక్కడ కళ్లకు కట్టినట్టుంది.

ఇద్దరు మహానుభావులు ఒకే మాటను ఎదురెదురు అర్థాల్లో వాడితే ఇంగ్లీషు విద్యార్థి అధోజ్ఞాపికలు చదువుకోవలసిందే. తెలుగు విద్యార్థికి ఆ అవస్థ లేదు. పర్స్ చెప్పింది సంకేతం, సొస్యూర్ చెప్పింది ప్రతీక. అనువాదంలో ఈ రెండు మాటలు పెట్టగానే చిక్కు విడిపోతుంది. (భాషాశాస్త్ర పుస్తకాల్లో ‘సైన్’కు కూడా సంకేతం అనే వాడుతున్నారన్నది నాకు తెలుసు. దానికి ‘సంజ్ఞ’ మేలని నేననుకుంటాను. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది కదా. ఇది పెద్దలు తేల్చవలసిన విషయం.)

ఇక తెలుగు లిపిలో ‘సింబల్’ అని రాసేస్తే చాలుననేవారికి ఒక మాట. ఇంగ్లీషులో స్పెల్లింగు వేరైన మరొక ‘సింబల్’ ఉంది, రెండు కంచు పళ్లేలను కొట్టి వాయించే తాళాలకు పేరు. మన లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటే అవుతాయి. రసాయన తాళాలు, ఎన్నికల తాళాలు అనుకునేంత అమాయకులు పిల్లలు కారు, అది వేరే సంగతి. ‘స్టేటస్ సింబల్’ వంటి మాట జనం నోట అలాగే కుదురుకుంది, దాన్ని పట్టుబట్టి తెనిగించనక్కరలేదు. తెలుగు మాట బతికి ఉన్నచోట దాన్ని చంపవద్దని మాత్రమే నేనంటున్నది.

మీరు చేయవలసినది పెద్ద పనేమీ కాదు. పదకోశంలో ‘సింబల్’ ఎదుట నాలుగు మాటలు కామాలతో పేర్చి వదిలేయకుండా, ఏ మాట ఏ శాస్త్రంలో వాడాలో, ఒక్కో చిన్న వాక్యంతో సహా చూపండి. ఆరో తరగతి సామాన్యశాస్త్రంలో సంకేతమన్నది పదో తరగతిలో చిహ్నం కాకుండా, ఆ శాస్త్రంలో ఒకసారి నిర్ణయించిన మాటను అన్ని తరగతులకూ ఖాయం చేయండి. రెండు రాష్ట్రాల సంపాదకులు ఈ ఒక్క పట్టికనైనా కూర్చుని కలిపి చేస్తే, హైదరాబాదు నుంచి విజయవాడకు బదిలీ అయిన ఉద్యోగి బిడ్డ కొత్త పరిభాష నేర్చుకోనక్కరలేదు. ఎదురెదురు పేజీల పుస్తకాల్లో ఇంగ్లీషులో ఒకే మాట ఉండి తెలుగులో వేరు వేరు మాటలు వచ్చినచోట, పేజీ అడుగున రెండు పంక్తుల వివరణ వేయండి. పిల్లవాడు అడిగేది అక్కడే. జవాబుపత్రాలు దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో, విషయం సరిగ్గా రాసి ‘సంకేతం’ బదులు ‘గుర్తు’ అన్నందుకు మార్కు తగ్గించవద్దని ఒక వాక్యం చేర్చండి. బోధనలో పదం కచ్చితంగా ఉండాలని ఇంతసేపు వాదించి, దిద్దడంలో సడలించమనడం వింతగా తోచవచ్చు. నేర్పవలసినది మనం, నేర్చుకుంటున్నది వాళ్లు. కచ్చితత్వం ముందు మన పుస్తకాల్లో ఉండాలి.

ఆ కుర్రవాడి అరమార్కు సంగతి వాళ్ల ఉపాధ్యాయులతో నేను మాట్లాడుకుంటాను. పదకోశం సంగతి మీరు చూడండి.

నమస్కారాలతో,
పదవీ విరమణ చేసిన ఒక భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు